గోడలు నడిపే నీరు

ద్రవాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడానికి మనుషులు కల్పించుకున్న సాధనాలు, ఏతం మొదలుకొని విద్యుత్ మోటారు వరకు, ఎన్ని రకాలుగా కనిపించినా అవి చేసే పని రెండు విధాలే: నీటిని ఎత్తుకు చేర్చి పల్లానికి వదలడం, లేదా ఒక కొసన ఒత్తిడి పెట్టి రెండో కొసకు నెట్టడం. ఈ రెండింటిలోనూ గొట్టపు గోడ చేసేదల్లా నీరు పక్కకు పోకుండా పట్టి ఉంచడమే. పైగా తనను ఆనుకొని ఉన్న నీటి పొరను అది కదలనివ్వదు కాబట్టి ప్రవాహానికి అడ్డంకి కూడా అవుతుంది. పొలానికి నీరు పారించే గొట్టంలో ఈ అడ్డంకి పెద్ద లెక్కలోకి రాదు. గొట్టం వెడల్పు మిల్లీమీటరులో పదో వంతుకు, నూరో వంతుకు, వెయ్యో వంతుకు దిగుతున్న కొద్దీ మాత్రం గోడకు తగలకుండా పారే నీరు తగ్గిపోయి, నెట్టే బలమంతా గోడతో పోరాడటానికే ఖర్చవుతుంది. గోడ అంత బలమైనదైనప్పుడు నీటిని నడిపే పనిని దానికే అప్పగించవచ్చునా అన్న ప్రశ్న నుంచి పుట్టినదే రసాయనికంగా చురుకైన గోడల శాస్త్రం.

ఒత్తిడికి, ప్రవాహానికి గల సంబంధాన్ని 1839లో జర్మన్ ఇంజనీరు హాగెన్, ఆ తరువాతి కొద్ది సంవత్సరాల్లో పారిస్ వైద్యుడు ప్వాజేయ్ వేర్వేరుగా తేల్చారు. సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలన్న కోరికే ప్వాజేయ్‌ను గాజు గొట్టాల ప్రయోగాలకు పురికొల్పింది. వారి సూత్రం ప్రకారం, ఒకే ఒత్తిడి కింద గొట్టం గుండా పారే ద్రవ పరిమాణం గొట్టపు వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది; అంటే వ్యాసార్ధాన్ని సగం చేస్తే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. ఒక సెంటీమీటరు పొడవు, మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం గల గొట్టంలో నీటిని సెకనుకు ఒక మిల్లీమీటరు సగటు వేగంతో నడపడానికి సుమారు 32 పాస్కల్‌ల ఒత్తిడి, అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తున్న నీటి మట్టం సరిపోతుంది. అదే పొడవు, అదే వేగం ఉంచి వ్యాసాన్ని మాత్రం ఒక మైక్రానుకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కుదిస్తే, కావలసిన ఒత్తిడి పదివేల రెట్లు పెరిగి మూడు వాతావరణ పీడనాలు దాటుతుంది. దాన్ని నీటి ఎత్తుతో సాధించాలంటే ముప్పై మీటర్ల పైన, సుమారు పదంతస్తుల భవనం మీద, ట్యాంకు కట్టాలి.

ఇంత సన్నని దారుల్లో ద్రవాన్ని నడపవలసిన అవసరం ఎవరికన్నది సహజమైన సందేహం. 1990 ప్రాంతం నుంచి రసాయన విశ్లేషణ యంత్రాలను పోస్టల్ స్టాంపు అంత పలకల మీదికి దించే ప్రయత్నం ముమ్మరమైంది. గాజు మీదగానీ, సిలికోన్ రబ్బరు మీదగానీ పదుల మైక్రాన్ల వెడల్పు గల కాలువలు చెక్కి, రక్తపు బొట్టునో నీటి నమూనానో వాటి గుండా పంపి, అందులోని పదార్థాలను వేరు చేసి గుర్తించడం వీటి పని. ఈ విద్యకు మైక్రోఫ్లూయిడిక్స్ అని పేరు. చిత్రమేమిటంటే, ఈ పలక, అంటే చిప్పు, స్టాంపు అంతే ఉన్నా దానిలోకి ద్రవాన్ని నెట్టే సిరంజి పంపులు, గొట్టాలు, కవాటాలు, వాటి కరెంటు తీగలు కలిసి బల్లంతా ఆక్రమిస్తాయి. సూక్ష్మీకరణ అంతా చిప్పు దగ్గరే ఆగిపోయి, పంపు పాత పరిమాణంలోనే మిగిలిపోవడం ఈ రంగానికి మొదటి నుంచీ ఉన్న ఇబ్బంది.

సన్నని కాలువల్లో ద్రవం స్వభావమే వేరుగా ఉంటుంది. పెద్ద కాలువలో ఒకసారి కదిలిన నీరు నెట్టడం మానేసినా జడత్వం వల్ల కొంత దూరం సాగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పు గల దారిలో స్నిగ్ధత, అంటే ద్రవపు పొరల మధ్య గల అంతర్ఘర్షణ, జడత్వాన్ని పూర్తిగా మింగేస్తుంది; నెట్టడం ఆగిన కొన్ని మిల్లీసెకన్లలోనే నీరు నిలిచిపోతుంది. జడత్వ ప్రభావాన్ని స్నిగ్ధతా ప్రభావంతో పోల్చి చెప్పే సంఖ్యను రేనాల్డ్స్ సంఖ్య అంటారు. సెకనుకు పది మైక్రాన్ల వేగంతో నీరు కదిలే ఇటువంటి కాలువలో దాని విలువ వెయ్యో వంతు మాత్రమే. జడత్వం వల్ల పుట్టే సుడులు, అలలు, తుళ్లింతలు ఏవీ ఇక్కడ ఉండవు. రెండు ద్రవాలను పక్కపక్కనే పారిస్తే అవి కలగలిసిపోకుండా చాలా దూరం సమాంతరంగా సాగుతాయి. వాటిని కలిపేది విసరణం ఒక్కటే, అంటే అణువులు తమంతట తాము దారీతెన్నూ లేకుండా తిరుగుతూ గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి వ్యాపించడం. విసరణం దగ్గరి దూరాలకే పనికివస్తుంది. నీటిలో ఒక చిన్న అణువు పది మైక్రాన్లు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడితే, ఒక మిల్లీమీటరుకు ఎనిమిది నిమిషాలు, ఒక సెంటీమీటరుకు సుమారు పద్నాలుగు గంటలు పడుతుంది.

గోడ నుంచే ద్రవాన్ని కదిలించవచ్చునన్న సంగతి కొత్తది కాదు. మాస్కోలో పనిచేసిన ఎఫ్. ఎఫ్. రాయిస్ అనే శాస్త్రజ్ఞుడు తడి బంకమట్టిలో గాజు గొట్టాలు గుచ్చి, వాటిలో నీరు పోసి, విద్యుత్ ప్రవాహాన్ని పంపినప్పుడు ఒక ధ్రువం వైపు నీటి మట్టం పెరగడం గమనించి, 1809లో ఆ ఫలితాన్ని ప్రచురించాడు. మట్టి రేణువుల్లాగే గాజు ఉపరితలం కూడా నీటిలో రుణావేశం పొందుతుంది. దాన్ని సరితూచడానికి నీటిలోని ధనాత్మక అయాన్లు గోడకు చేరువగా గుమిగూడతాయి. గోడ వెంబడి విద్యుత్ క్షేత్రాన్ని పెడితే ఈ అయాన్ల పొర కదిలి, తనతోపాటు నీటిని లాగుతుంది. ఆ పొర మందం నీటిలో కరిగి ఉన్న ఉప్పును బట్టి ఒకటి నుంచి కొన్ని వందల నానోమీటర్ల వరకు ఉంటుంది. ఇంత పలుచని పొర కదిలితే కాలువంతటా ఉన్న నీరు కదలడం ఆశ్చర్యంగా తోచినా, నీటి చుట్టూ ఉన్న గోడలే ఒకే దిశలో జరుగుతున్నట్లుగా భావిస్తే అందులో వింత కనిపించదు. మరీ ముఖ్యమైన విషయం, ఈ విధంగా పుట్టే వేగం కాలువ వెడల్పుపై ఆధారపడదు. పదివేల రెట్ల ఒత్తిడి కోరిన ఒక మైక్రాను గొట్టంలోనైనా, దానికి నూరు రెట్ల వెడల్పు గల గొట్టంలోనైనా గోడ పక్కనున్న పొర, తన మందం కాలువ వెడల్పు కంటే బాగా తక్కువగా ఉన్నంత వరకు, నీటిని ఒకే వేగంతో నడుపుతుంది. అయితే దీనికి బయటి నుంచి విద్యుత్తు కావాలి. పొడవైన కాలువలకు అది వేల వోల్టుల దాకా కూడా పోతుంది.

విద్యుత్తు లేకుండా కూడా గోడ వెంబడి అటువంటి కదలిక సాధ్యమని నిరూపించినవారిలో సోవియట్ శాస్త్రజ్ఞుడు బోరిస్ దెర్యాగిన్ ముఖ్యుడు. గాఢతలో తేడా ఉంటే చాలు, ద్రవం గోడ వెంట జారుతుందని ఆయన, ఆయన సహచరులు 1947లో ప్రతిపాదించారు. దీనికి డిఫ్యూజియో ఆస్మాసిస్ అని పేరు. తెలుగులో విసరణ జనిత ద్రవాభిసరణం అనవచ్చు. దీని వెనుక ఉన్న తర్కం ఇది: నీటిలో కరిగిన పదార్థపు అణువులను గోడ కొన్ని నానోమీటర్ల దూరం వరకు ఆకర్షించవచ్చు, వికర్షించవచ్చు. ఆకర్షించిందనుకుంటే, గోడ పక్కనున్న పలుచని పొరలో ఆ అణువులు ఎక్కువగా చేరి, గోడ వైపు లాగబడుతూ, ఆ పొరలో పీడనాన్ని పెంచుతాయి. గాఢత గోడ పొడవునా ఒకే విధంగా ఉంటే ఈ అదనపు పీడనం అన్ని చోట్లా సమానమే కాబట్టి ఏమీ కదలదు. గాఢత ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉంటే, పొరలో పీడనం కూడా ఒక వైపు ఎక్కువై, నీరు గాఢత తక్కువగా ఉన్న దిక్కుకు జారుతుంది. గోడ ఆ అణువులను వికర్షించేదైతే దిశ తారుమారై, నీరు గాఢత ఎక్కువగా ఉన్న దిక్కుకు పోతుంది. ఉప్పు చల్లిన కూరగాయ ముక్కల్లోంచి నీరు ఊరడానికి కారణమైన మామూలు ద్రవాభిసరణం కూడా ఈ రెండో కోవకు చెందినదే: ఉప్పును తమ గుండా పోనివ్వని సన్నని రంధ్రాల్లోంచి నీరు ఉప్పు ఎక్కువగా ఉన్న వైపుకు పోతుంది. దెర్యాగిన్ చెప్పినదాంట్లోని విశేషం, ఉప్పు కూడా స్వేచ్ఛగా దాటగలిగినంత వెడల్పైన దారిలోనూ, పొర ఏదీ అడ్డు లేకుండానే, ఆ లాగుడు మిగిలి ఉంటుందని.

నీటి మీద వేసిన కర్పూరపు పలుకు గిరగిర తిరగడం తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు చూసినదే. 1890లో భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ, ఆ నాట్యాన్ని ఆపడానికి నీటి మీద ఎంత పలుచని నూనె పొర కావాలో కొలిచి ఒక పరిశోధన పత్రం రాశాడు. అది కూడా గాఢతా భేదం వల్ల కలిగే కదలికే అయినా, దాన్ని నడిపేది తలతన్యత, అంటే గాలికి ఆనుకున్న నీటి ఉపరితలంలోని బిగువు. నాలుగు వైపులా మూసి ఉన్న కాలువలో గాలి తగిలే ఉపరితలం ఉండదు కాబట్టి ఆ కిటుకు అక్కడ చెల్లదు. ఘన ఉపరితలం మీద పుట్టే కదలిక దానికన్నా ఎంతో నెమ్మది. సెకనుకు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల వరకు ఉంటే అది మంచి వేగమే అనుకోవాలి.

కరిగిన పదార్థం ఉప్పు అయినప్పుడు వ్యవహారం మరింత ఆసక్తికరంగా మారుతుంది. మామూలు ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. వీటిలో క్లోరైడ్ సోడియం కంటే సుమారు ఒకటిన్నర రెట్లు చురుకుగా విసరణం చెందుతుంది. ఉప్పు గాఢంగా ఉన్న చోటి నుంచి పలుచగా ఉన్న చోటికి వ్యాపిస్తున్నప్పుడు క్లోరైడ్ ముందుకు ఉరికి, సోడియం వెనుకబడటంతో, ముందువైపు రవ్వంత రుణావేశం, వెనుకవైపు రవ్వంత ధనావేశం మిగిలి, రెండింటి మధ్యా బ్యాటరీ ఏదీ లేకుండానే ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. రాయిస్ బయటి నుంచి పెట్టిన విద్యుత్తు ఇక్కడ ఉప్పులోంచే పుట్టిందన్నమాట. గాజు గోడ పక్కనున్న ధనాత్మక అయాన్ల పొర ఆ క్షేత్రానికి లోబడి, నీటిని ఉప్పు తక్కువగా ఉన్న వైపుకు లాగుతుంది. పొటాషియం క్లోరైడ్‌లో రెండు అయాన్ల చురుకూ దాదాపు సమానం కాబట్టి అక్కడ ఈ క్షేత్రం నామమాత్రమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ అయాను క్లోరైడ్ కంటే నాలుగు రెట్లకు పైగా వేగం కలది; అందువల్ల క్షేత్రం దిశ తిరగబడి, నీరు ఆమ్లం ఎక్కువగా ఉన్న వైపుకు పోతుంది. ఒకే గాజు కాలువ, ఒకే వైపు గాఢత ఎక్కువ. కరిగిన పదార్థం మారితే ప్రవాహం దిశ మారిపోతుంది.

ఇంతవరకు చెప్పినదాంట్లో గాఢతా భేదాన్ని ఎవరో ఒకరు కల్పించాలి. కాలువకు ఒక కొసన ఉప్పునీరు, రెండో కొసన మంచినీరు పెడితే కొంతసేపు భేదం ఉంటుంది, తరువాత అదే సమసిపోతుంది. గోడ తానే ఒక పదార్థాన్ని పుట్టిస్తూ, లేదా ఖర్చు చేస్తూ ఉంటే ఆ భేదం రసాయన క్రియ సాగినంత సేపూ నిలుస్తుంది. ఈ ఆలోచనకు కంటికి కనిపించే రూపం పంపుల్లో కాక, ఈదే కడ్డీల్లో మొదట దొరికింది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో, ఐఐటీ కాన్పూర్‌లో ఎమ్మెస్సీ చదివిన ఆయుష్మాన్ సేన్, థామస్ మాలౌక్ బృందాలు 2004లో ఒక విచిత్రమైన కదలికను వర్ణించాయి. 370 నానోమీటర్ల వ్యాసం, రెండు మైక్రాన్ల పొడవు గల లోహపు కడ్డీ. సగం ప్లాటినం, సగం బంగారం. గాయాలు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను రెండు మూడు శాతంగా పలుచన చేసిన నీటిలో వేస్తే, ఆ కడ్డీ ప్లాటినం కొసను ముందు పెట్టుకొని, సెకనుకు తన పొడవుకు పది రెట్ల దూరం వరకు పరుగెత్తింది.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి మొదట ఇచ్చిన వివరణ ప్లాటినం దగ్గర వెలువడే ఆక్సిజన్‌ను, తలతన్యతను ఆశ్రయించింది, అది నిలవలేదు. తరువాతి ప్రయోగాలు సమర్థించిన వివరణ విద్యుత్ రసాయనికమైనది. ప్లాటినం కొసన పెరాక్సైడ్ ఆక్సీకరణం చెంది హైడ్రోజన్ అయాన్లను, ఎలక్ట్రాన్లను విడుస్తుంది. ఎలక్ట్రాన్లు లోహం లోపలి నుంచి బంగారం కొసకు చేరి, అక్కడ పెరాక్సైడ్‌ను నీటిగా క్షయకరిస్తాయి. ఆ పనికి కావలసిన హైడ్రోజన్ అయాన్లు మాత్రం లోహం గుండా పోలేవు కాబట్టి బయట నీటిలోంచి ప్లాటినం నుంచి బంగారం వైపు ప్రయాణిస్తాయి. ఈ అయాన్ల బారు వల్ల కడ్డీ చుట్టూ ఏర్పడే క్షేత్రం కడ్డీ ఉపరితలాన్ని ఆనుకున్న నీటిని వెనక్కి, అంటే బంగారం వైపుకు, నడుపుతుంది. నీరు వెనక్కి పోతే కడ్డీ ముందుకు పోతుంది. కడ్డీని కదలకుండా గోడకు అతికిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: కడ్డీ నిలిచిపోతుంది, నీరు పారుతుంది. 2005లో అదే విశ్వవిద్యాలయంలో బంగారు పలక మీద వెండి ముద్రలు వేసి పెరాక్సైడ్‌లో ముంచినప్పుడు, నీటిలో కలిపిన సూక్ష్మ రేణువులు సూక్ష్మదర్శిని కింద ఆ ముద్రల చుట్టూ ప్రవాహానికి లోబడి బారులు తీరి వింత ఆకృతులు ఏర్పరచాయి. బయటి నుంచి తీగ, గొట్టం, కరెంటు ఏవీ లేవు. ఇటువంటివాటికి ఉత్ప్రేరక సూక్ష్మ పంపులని పేరు వచ్చింది. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చు కాకుండా రసాయన క్రియను వేగవంతం చేసే పదార్థం.

రెండు లోహాల ముద్రలు వేయడం అనేది నిజానికి గోడను రెండు రకాలుగా చేయడమే. గోడంతా ఒకే పదార్థంతో పూసి ఉంటే ప్రవాహం పుడుతుందా అన్నది అంతకన్నా లోతైన ప్రశ్న. తిన్నని కాలువలో గోడంతా సమానంగా ఒక పదార్థాన్ని విడుస్తుంటే, గాఢత కాలువ పొడవునా ఎక్కడ చూసినా ఒకటే; గోడ వెంబడి భేదం లేదు కాబట్టి కదలికకు అవకాశం లేదు. 2015లో పారిస్ సమీపంలోని ఎకోల్ పాలిటెక్నిక్‌కు చెందిన సెబాస్టియన్ మిషెలాఁ, కేంబ్రిడ్జికి చెందిన ఎరిక్ లోగా, వారి సహచరులు గణితంతోను, కంప్యూటర్ గణనలతోను దీనికి ఒక జవాబు చూపారు: గోడ మీద ముద్రలు వేయనక్కరలేదు, దాని ఆకారం ఒక్కటే చాలు.

గోడను రంపపు పళ్లలాగా, ఒక వైపు ఏటవాలుగా, మరో వైపు నిటారుగా వరుస గట్ల రూపంలో మలిచారనుకోవాలి; పదార్థం గోడంతటా సమానంగానే పుడుతుంది, ఎదురుగా ఉన్న గోడ దాన్ని తీసేసుకుంటుంది. గట్ల మధ్య పల్లాల అడుగున పుట్టిన అణువులకు బయటపడే దారి దూరం, పక్కల నుంచి ఇరుకు. అందువల్ల అవి అక్కడ పోగుపడతాయి. గట్ల కొనల దగ్గర పుట్టినవి ఎదురు గోడను త్వరగా చేరిపోతాయి కాబట్టి అక్కడ గాఢత తక్కువ. దీనితో పల్లం నుంచి కొన వరకు గోడ వెంబడి గాఢతా భేదం ఏర్పడి, దాని వెంట నీరు జారుతుంది. గట్టుకు రెండు వైపులా ఒకే వాలు ఉంటే కుడివైపు జారే నీరు, ఎడమవైపు జారే నీరు ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకొని, పల్లాల మీద గుండ్రంగా తిరిగే ప్రవాహాలు మిగులుతాయే తప్ప ఒక్క చుక్క కూడా కాలువ దాటదు. వాలు రెండు వైపులా వేరైనప్పుడు ఆ రద్దు అసంపూర్ణమై, మిగిలినంత మేరకు నీరు ఒక దిశలో నికరంగా సాగుతుంది. గోడ ఆ పదార్థాన్ని ఆకర్షించేదా, వికర్షించేదా అన్నదాన్ని మారిస్తే అదే ఆకారం నీటిని ఎదురు దిశకు నడుపుతుంది. వాలు చాలా తక్కువగా ఉన్న సందర్భంలో కాగితం మీదే సాధించగల సమీకరణాలు ఈ గణనలను ధ్రువీకరించాయి. తయారీ దృష్టితో చూస్తే ఈ ఫలితం విలువ ఎక్కువ: మైక్రాన్ల కొలతలో రెండు లోహాలను పక్కపక్కనే, సరిహద్దు చెదరకుండా పూయడం కన్నా, ముందే చెక్కిన గోడ అంతటికీ ఒకే పూత వేయడం చాలా సులభం.

తిన్నని గోడ, సమానమైన పూత ఉన్నప్పుడు కదలిక అసలే ఉండదన్న మాటకు కూడా ఒక మినహాయింపు ఉంది. పుట్టిన పదార్థం చాలా నెమ్మదిగా విసరణం చెందేదై, గోడ వెంట జారుడు బలంగా ఉండేదైతే, గాఢతలో యాదృచ్ఛికంగా కలిగిన చిన్న తేడా నీటిని కదిలిస్తుంది, ఆ నీరు మరింత పదార్థాన్ని మోసుకొచ్చి తేడాను పెంచుతుంది, పెరిగిన తేడా నీటిని మరింత కదిలిస్తుంది. ప్రవాహం మోసుకుపోయే వేగాన్ని విసరణ వేగంతో పోల్చే పెక్లే సంఖ్య ఒక హద్దు దాటినప్పుడు ఈ గొలుసు మొదలై, కాలువ నిండా తమంతట తామే సుళ్లు ఏర్పడతాయని మిషెలాఁ, ఆయన సహచరులు 2020లో సిద్ధాంతపరంగా చూపారు. ఈ సుళ్లు నీటిని కాలువ దాటించవు, కలుపుతాయి. సన్నని కాలువల్లో రెండు ద్రవాలను కలపడమే గండంగా ఉన్నచోట అదీ తక్కువ లాభం కాదు.

పెరాక్సైడ్ జీవకణాలకు హానికరం కాబట్టి లోహాల స్థానంలో ఎంజైములను, అంటే జీవుల్లోని ప్రోటీన్ ఉత్ప్రేరకాలను, గోడకు అతికించే మార్గాన్ని సేన్ బృందం ఎంచుకుంది. 2014లో వెలువడిన వారి పత్రంలో కాటలేజ్, లైపేజ్, యూరియేజ్, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే నాలుగు ఎంజైములు, ఒక్కొక్కటి తన ఇంధనం నీటిలో ఉన్నప్పుడు, తమంతట తామే నీటిని నడిపినట్లు చూపారు. ఇంధనం పెరిగితే వేగం పెరిగింది. ఇంధనం లేకపోతే పంపు నిద్రలోనే ఉంది. అంటే అదే పరికరం ఒక పదార్థం ఉనికిని కనిపెట్టే సాధనంగానూ, దానికి స్పందించి నీటిని నడిపే సాధనంగానూ పనిచేసింది. గ్లూకోజ్ ఎదురైనప్పుడు ఇన్సులిన్‌ను విడుదల చేసే నమూనాను కూడా వారు చూపించారు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని చాలా వార్తాకథనాలు దాటవేస్తాయి. ఈ నాలుగు పంపుల్లోనూ నీటిని నడిపినది గోడ వెంట జారుడు కాదని, రసాయన క్రియ వల్ల ద్రవసాంద్రతలో వచ్చిన తేడా అని ఆ పత్రమే చెప్పింది. బరువైన ద్రవం కిందికి, తేలికైనది పైకి పోవడం అనే పాత సంగతే అది. చోదకశక్తి చివరికి గురుత్వాకర్షణ. ఈ రెండింటినీ వేరు చేయడం సిద్ధాంతపరంగా తేలికే. ద్రవం ఉన్న గదిని తలకిందులు చేస్తే సాంద్రత నడిపే ప్రవాహం తీరు మారుతుంది, గోడ నడిపేది మారదు. అంతేకాక సాంద్రత నడిపే ప్రవాహపు వేగం ద్రవపు పొర ఎత్తు మూడో ఘాతాన్ని బట్టి ఉంటుంది; మిల్లీమీటరు ఎత్తున్న గదిలో విజృంభించే ఈ ప్రవాహం, అదే గాఢతా భేదం ఉన్న పదో వంతు ఎత్తు కాలువలో వెయ్యో వంతుకు పడిపోతుంది. గోడ నడిపే ప్రవాహానికి ఎత్తుతో నిమిత్తం లేదు. కాబట్టి ప్రయోగశాలలో విశాలమైన గదిలో చూపిన పంపు, చిప్పులోని సన్నని కాలువలో కూడా అలాగే పనిచేస్తుందని ఊహించడం తొందరపాటు.

ఒత్తిడి ఏ మాత్రం పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. గోడల చలనానికి అసలైన బలం అక్కడే తెలుస్తుంది. ఒక వైపు మూసుకుపోయిన సన్నని రంధ్రంలోకి ఎంత ఒత్తిడి పెట్టినా నీరు సాగదు, పోవడానికి దారే లేదు. గాఢతా భేదం ఉన్నప్పుడు మాత్రం నీరు గోడల వెంట ఒక దిశలో, మధ్యలోంచి ఎదురు దిశలో ఏకకాలంలో పారగలదు. నీటిలోని రేణువులు కూడా, తమ ఉపరితలాలు చిన్న గోడలే కాబట్టి, అదే కారణంతో లోపలికో బయటికో కదులుతాయి. దీనికి ఊహించని ఉదాహరణ బట్టల ఉతుకులో ఉంది. నూలు పోగుల మధ్య ఉన్న మైక్రాన్ల రంధ్రాల్లోకి జాడించిన నీరు చొరబడదు. మరి అక్కడి మురికి ఎలా పోతుంది? సాంగ్‌వూ షిన్, పాట్రిక్ వారెన్, హోవార్డ్ స్టోన్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, సబ్బునీటిలో నానిన బట్టను మంచినీటిలో జాడించినప్పుడు రంధ్రం లోపల సబ్బు గాఢత ఎక్కువగా, బయట తక్కువగా ఉంటుంది; ఆ భేదమే మురికి రేణువులను బయటికి లాగుతుంది. సబ్బునీటిలోనే ఎంతసేపు నానబెట్టినా భేదం లేదు కాబట్టి ఆ లాగుడు పుట్టదు. జాడింపు నీళ్లను పొదుపు చేసే గృహిణికి ఇది అంత ఇష్టమైన ఫలితం కాకపోవచ్చు.

ఇన్ని వింతలున్నా ఈ పంపుల లోపాలను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ప్లాటినం, బంగారం కడ్డీలు ఇంధనంలోని రసాయన శక్తిలో కదలికగా మార్చగలిగేది సుమారు నూరు కోట్ల వంతుల్లో ఒక వంతు. మిగిలినదంతా వేడిగా, వృథా క్రియగా పోతుంది. అయాన్ల మీద ఆధారపడే పంపులకు ఉప్పు పెద్ద శత్రువు: నీటి విద్యుత్ వాహకత పెరిగిన కొద్దీ, గోడ కల్పించిన చిన్న క్షేత్రం నీరసించిపోతుంది. రక్తంలో, మూత్రంలో, సముద్రపు నీటిలో ఉన్న ఉప్పు వీటిని దాదాపు నిలిపివేస్తుంది. పెరాక్సైడ్ గాఢత పెంచితే ఆక్సిజన్ బుడగలుగా వెలువడి సన్నని కాలువకు బిరడా వేస్తుంది. మూసిన కాలువలో ఇంధనం తరిగి, ఉత్పన్నం పేరుకుపోయి, భేదం మెల్లగా చదునవుతుంది. పోటీలో ఉన్న పాత పద్ధతిని కూడా మరువరాదు: కోవిడ్ పరీక్షా పట్టీలో ద్రవాన్ని నడిపినది కాగితంలోని కేశనాళికా ఆకర్షణే, దానికి ఇంధనం అక్కరలేదు, ధర నామమాత్రం. పట్టీ పూర్తిగా తడిసిన తరువాత అది ఆగిపోతుందన్నదొక్కటే దాని లోటు, చాలా పరీక్షలకు ఆ లోటు లోటే కాదు.

అందువల్ల రసాయన గోడలు సిరంజి పంపును చిప్పు పక్క నుంచి తొలగిస్తాయన్న ఆశ, ఈ రంగం మొదటి రోజుల్లో ఎంతగా వినిపించినా, నిలిచేది కాదు. సెకనుకు పదుల మైక్రాన్ల వేగం, గంటల తరబడి నెమ్మదిగా సాగే పని, బయటి తీగ చేరలేని మూసిన చోటు, ఇంధనం ముందే ఆ ద్రవంలో ఉండటం, ఈ నాలుగూ కలిసిన సందర్భాల్లోనే వాటికి చోటుంది. అటువంటి సందర్భాల్లో మొదట లెక్కించదగ్గవి యూరియా, గ్లూకోజ్ సహజంగా ఉండే శరీర ద్రవాలు. వాటిలోని ఉప్పుకు లొంగకుండా, అయాన్ల మీద ఆధారపడని జారుడుతో పనిచేసే ఎంజైము పూత దొరికితే, 2015 నాటి రంపపు పళ్ల కాలువ గణితాన్ని దాని మీద ప్రయోగించి చూడవలసి ఉంటుంది. పరిశోధనకు పెట్టే సొమ్ము మరింత వేగంగా ఈదే కడ్డీల మీద కన్నా ఆ పూత మీద పెట్టడం మేలు.